ధింసా వేదికపై డప్పు స్థానం

ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితంలోని అనుభవం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. గొప్పలు రాయడానికి నా దగ్గర ఎక్కువ లేవు. నేను చేసిన ఒక పొరపాటు, దాని వల్ల తెలుసుకున్న నాలుగు సంగతులు రాస్తున్నాను.

1986లో నేను అరకులోయలో పనిచేస్తున్నాను. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 15 సభకు వేదిక ఏర్పాట్లు నాకు అప్పగించారు. దగ్గరి పల్లె నుంచి ధింసా బృందం వచ్చింది. వేదిక చిన్నది. పెద్దల కుర్చీలకు అడ్డమని డప్పు, తుడుము వాయించే వారిని పక్క తెర వెనుక నిలబెట్టాను. శబ్దం వినబడితే చాలు కదా, మనుషులు కనబడకపోతే ఏమి అనుకున్నాను. ఉదయం నుంచి తుంపర. వాళ్లు గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటుంటే, గుడ్డ పందిరి అంటుకుంటుందని ఆ మంట కూడా ఆర్పించాను.

ఆట మొదలైంది. డప్పు బొద్దుగా పలికింది. కాసేపటికి వరుస తిరగవలసిన చోట సగం మంది తిరిగారు, సగం మంది తిరగలేదు. చేతులు విడిపోయాయి. ముందున్న పెద్దావిడ ఆట ఆపి నా దగ్గరకు వచ్చింది. “డప్పోలు కనబడకపోతే అడుగెలాగ మార్సేది బాబూ?” అంది. సభ ముందు నాకు తల కొట్టేసినట్లయింది.

ఆ తరువాతి చైత్ర మాసపు పండుగకు వాళ్ల ఊరు వెళ్లాను. అప్పుడు గాని విషయం బోధపడలేదు. ధింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా సాగుతారు. వాద్యకారులు వారికి ఎదురుగా గాని, వలయం మధ్యన గాని ఉంటారు. డప్పు మనిషి వాళ్ల పాదాలు చూస్తాడు. వాళ్లు అతని పుల్లలు చూస్తారు. దరువు మారబోతున్నదని అతని భుజం ముందే చెబుతుంది. ఊరి మధ్య నెగడు ఉంటుంది కనుక తోలు సడలితే అక్కడే కాచుకుంటాడు. నేను తెర కట్టి ఈ రెండూ తీసేశాను.

ధింసా ఒక్క తెగది కాదు. భగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, కోందు మొదలైన వారంతా ఆడతారు. గ్రామదేవత కొలువుకు బోడ ధింసా, పులి వచ్చినప్పటి తీరు చూపడానికి బాగ్ ధింసా, ఇలా పలు రకాలున్నాయి. డప్పు, తుడుములతో పాటు కిరిడి, మోరి, జోడుకొమ్ములు మోగుతాయి. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో గదబ స్త్రీల బట్ట, ఇత్తడి తీగ చెవిచుట్లు వివరంగా వర్ణించారు. కొత్తగా కొండకు వచ్చిన వాడి కన్ను ముందు నగల మీద పడుతుంది. నా కన్నూ అంతే.

వాయించేవాడు వెనుకబడడం కొండల్లోనే కాదు. కర్ణాటక సంగీత కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుని పక్కనే, అందరికీ కనబడేలా కూర్చుంటాడు. అయినా మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఒక మృదంగ విద్వాంసునికి తొలిసారి దక్కింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజన్‌లో బీటిల్స్ బృందం పాడినప్పుడు, డ్రమ్ములు వాయించే రింగో స్టార్‌ను వెనుకనే అయినా ఎత్తైన అరుగు మీద కూర్చోబెట్టారు. అరుగు ఎత్తు చేస్తే సరిపోయే పనికి నేను తెర కట్టాను!

మన వైపు కూడా మంచి రోజు ఒకటి వచ్చింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల గాథలు పాడిన ఆయన 2024లో కన్నుమూశారు. వార్త చదివిన రోజు నాకు ఆ తెర గుర్తుకు వచ్చింది. నేను తెర వెనుక నిలబెట్టిన వారి పేర్లు ఆనాడు మైకులో చెప్పలేదు. అసలు అడగనే లేదు. ఆ లోటు ఇప్పుడు తీర్చలేను.

మన పిల్లలు, మనుమలు అరకు వెళ్లి విడిది గృహాల్లో మంట చుట్టూ ధింసా చూస్తుంటారు, వరుసలో చేరి ఫొటోలు దిగుతుంటారు. వారికి ఒక్క మాట చెప్పండి: ఆట అయ్యాక డప్పు వాయించిన పెద్దాయన దగ్గరకు వెళ్లి, నమస్కరించి, ఆయన పేరు అడగమనండి. మన సంఘ వార్షికోత్సవాలకు ఏ బృందాన్ని పిలిచినా వాయించే వారికి ముందు వరుసలో చోటు, పక్కన కాస్త నిప్పు ఉండేలా చూడవలసిందిగా మనవి.