పాలమూరు సంస్థానముల వంశావళులు: దత్తత మరుగుపరచిన బంధుత్వములు

రాజవంశముల చరిత్ర వ్రాయబూనినవారు మొట్టమొదట వెదకునది వంశావళి. తండ్రి, కొడుకు, మనుమడు అను వరుస తెలిసినచో కాలనిర్ణయము సుకరమగునని వారి తలంపు. కాని వంశావళి సామాన్యముగా ఒక యింటి కథను మాత్రమే చెప్పును. ఆ యింటికిని మరియొక యింటికిని గల సంబంధమును చెప్పక విడుచుటయే తరచు. కొన్నియెడల తెలియకుండ చేయుటయు కలదు. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల చరిత్రను పరిశీలించువారికి ఈ చిక్కు అడుగడుగునను ఎదురగును. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనమున మొదటి రెండు సంస్థానముల రాజధానులును జిల్లా కేంద్రములైనవి. జటప్రోలు ప్రభువుల రాజధానియైన కొల్లాపురము నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది.

గద్వాల ప్రభువుల యింటిపేరు ముష్టిపల్లివారు. వనపర్తి ప్రభువులు జనుంపల్లివారు. జటప్రోలు ప్రభువులు సురభివారు. మొదటి రెండును రెడ్డి వంశములు. మూడవది రేచెర్ల గోత్రమునకు చెందిన పద్మనాయక వంశము. మూడును ఇరుగుపొరుగు సంస్థానములు. మూడును నైజామునకు పేష్కషు చెల్లించినవి. కాని పొరుగు వేరు, బంధుత్వము వేరు. పటమున చేరువగా కనబడు సంస్థానములకు చుట్టరికము లేకపోవచ్చును. వందలమైళ్ళ దూరమున, మరియొక ప్రభుత్వము క్రింద నున్న సంస్థానముతో రక్తసంబంధమే ఉండవచ్చును.

మొదటి చిక్కు పేర్ల పునరుక్తి. గద్వాలలో సోమభూపాల, రామభూపాల నామములు తరతరమునకు మరల మరల వచ్చుచుండును. వనపర్తిలో మొదటి రామేశ్వరరావు 1866లో మరణించెను. రెండవ రామేశ్వరరావు 1922లో దివంగతుడయ్యెను. మూడవ రామేశ్వరరావు 1923లో జన్మించి 1998 వరకు జీవించెను. కాలము సూచింపని పత్రమున “రాజా రామేశ్వరరావు” అని మాత్రమే యున్నచో అది ఎవరికి సంబంధించినదో తేల్చుటకు సమకాలికులైన ఇతరుల పేర్లే ఆధారములు.

రెండవ చిక్కు ఇంతకంటె గహనమైనది. అది దత్తత. జటప్రోలు ప్రభువైన రాజా వెంకటలక్ష్మారావు 1929లో మరణించెను. సురభివారి వంశావళిని మాత్రము చదువువారికి ఆయన సురభివారి బిడ్డగనే కనబడును. కాని ఆయన వెంకటగిరి ప్రభువులైన వెలుగోటివారి యింట జన్మించి జటప్రోలునకు దత్తుడై వచ్చినవాడు. ఆయన సోదరుడొకడు 1862లో జన్మించి, 1871లో బొబ్బిలికి దత్తుడై, వేంకట శ్వేతాచలపతి రంగారావు అను పేర ఆ సంస్థానమును పాలించెను. ఇట్లు ఏకోదరులు వెంకటగిరి, బొబ్బిలి, జటప్రోలు అను మూడు సంస్థానములలో మూడు యింటిపేర్లతో కనబడుచున్నారు. మొదటి రెండు సంస్థానములు మదరాసు రాజధానిలోనివి. మూడవది నైజాము రాజ్యములోనిది. కావున కొల్లాపురపు చరిత్రకు హైదరాబాదు దఫ్తరములు మాత్రమే చాలవు. నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మదరాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన “వెలుగోటివారి వంశావళి” వంటి గ్రంథములను గూడ చేరదీసి చదువవలయును.

ఇతరదేశముల పరిశోధనమున ఇందుకు పోల్చదగిన విషయమొకటి కలదు. యూదులు అనేక రాజ్యములలో చెదరి నివసించిన జాతి. మధ్య ఐరోపాలోని యూదులలో పెక్కుమందికి స్థిరమైన వంశనామములు చాలకాలము లేవు. ఆస్ట్రియా ప్రభువైన రెండవ జోసెఫు 1787లో శాసించిన పిమ్మటనే ఆ రాజ్యమున వారికవి నిర్బంధములైనవి. అందుచేత వారి వంశములను శోధించువారు సమాధిఫలకములపై చెక్కిన తండ్రిపేరును, గతించిన పెద్దల పేర్లను మనుమలకు పెట్టు ఆచారమును ఆధారముగా గొని ఒక దేశపు కుటుంబమును మరియొక దేశపు కుటుంబముతో జతపరచుచున్నారు. అచ్చట వంశనామము లేకపోవుటచే చిక్కు. ఇచ్చట యింటిపేరుండియు, దత్తతతో మారుటచే చిక్కు. ఉభయత్రా పరిష్కారమార్గ మొక్కటియే: వ్యక్తి ధరించిన పేరును గాక, అతనిని కన్నవారిని వెదకుట.

మన ధర్మశాస్త్రమే ఈ మార్గమును సూచించినది. దత్తుడు జనకుని గోత్రమును విడిచినను, జనకుల సపిండులలో వివాహమాడరాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము గూడ ఈ నిషేధమును నిలిపియుంచినది. తండ్రు లిరువురకును కొడుకగు ద్వ్యాముష్యాయణుని ప్రసక్తియు స్మృతులలో కలదు. అనగా కాగితమున చెరిగిన జన్మసంబంధము వివాహనిర్ణయమున చెరుగలేదు. కనుక పెండ్లిసంబంధములు కుదుర్చుకొనుటకై యింటింట దాచుకొన్న జ్ఞాపకము చరిత్రకారునకు ప్రమాణపత్రమంతటి విలువగలది. ఇంటిపేర్లను గోత్రములను వల్లించు పిచ్చుకుంట్లవారి నోటిలోని వంశకథలును అట్టివే. అత్యుక్తులను వేరుచేసినచో అందు బంధుత్వముల జాడ దొరకును.

మనము మరువరానిది మరియొకటి కలదు. వంశావళులు కొడుకుల కొరకు వ్రాయబడినవి. గద్వాల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ 1924 నుండి సంస్థానము విలీనమగువరకు పాలనము నెరపెను. ఆమె పేరిట గద్వాల కోటలో కళాశాల వెలసినది. అంతటి రాణి యైనను వంశవృక్షమున భర్తపేరి ప్రక్కన ఒక కొమ్మగనే నిలుచును. రెండు కుటుంబములను కలుపునది కోడలే; ఆమె పుట్టినింటి పేరు వ్రాయనిచో ఆ వంతెన కూలినట్లే.

కావున ఇకమీదట సంస్థానముల వంశపట్టికలను కూర్చు విద్యార్థులు ప్రతి వ్యక్తి యెదుటను నాలుగు విషయములు గుర్తింపవలయును: జనకుడు, దత్తత గొన్న తండ్రి, తల్లి పుట్టినిల్లు, భార్య పుట్టినిల్లు. నాలుగింటిలో తెలియనిదానికి ఖాళీ విడువవలయునే గాని ఊహతో పూరింపరాదు. మూడు సంస్థానములకును ఇట్టి పట్టికలు సిద్ధమైన నాడు, విడివిడిగా నిలిచిన ఈ వృక్షముల వేళ్ళు ఎచ్చట పెనవేసికొన్నవో, ఎచ్చట పెనవేసికొనలేదో స్పష్టమగును. వంశస్మృతిని నోట నిలిపిన వృద్ధులు ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు. ఈ పనికి జాగు తగదు.