మృగశిర కార్తె, కొర్రమీను, ఉబ్బసం: దూద్‌బౌలి చేప మందు చరిత్ర

రోహిణి కార్తె ఎండలు వెనకపట్టి తొలకరి పడే జూన్ నెల తెలుగు నేల మీద ఉబ్బస రోగులకు ఏటా గడ్డుకాలమే. గాలిలో తేమ పెరిగి, తడిసిన గోడల మీద బూజు పట్టి, దాని సూక్ష్మబీజాలు ఊపిరితో లోపలికి చేరినప్పుడు, హాని లేని పదార్థానికి సైతం శరీరం అతిగా స్పందించే గుణం, అంటే ఎలర్జీ, ఉన్నవారికి శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి. ప్రాచీన వైద్యులు ఈ రుతుసంబంధాన్ని గమనించకపోలేదు. శ్వాసరోగాలను ఐదుగా విభజించిన చరక సంహిత, నేటి ఉబ్బసానికి దగ్గరగా ఉండే తమక శ్వాస మబ్బుకు, వానకు, చలికి, తూర్పుగాలికి హెచ్చుతుందనీ, రోగికి పడుకుంటే కన్నా కూర్చుంటేనే హాయిగా ఉంటుందనీ పేర్కొంది.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. రైతుల లెక్కలో జూన్ 7 లేదా 8న ప్రవేశించే మృగశిర ఎండాకాలం వానాకాలంలోకి మళ్లే ఘడియ కాగా, ఆనాడు తెలంగాణలో చేపల కూర వండుకోవడం, చేప తినని ఇళ్లలో ఇంగువను బెల్లంలో కలిపి మింగడం ఆనవాయితీ. హైదరాబాద్ పాతబస్తీ దూద్‌బౌలిలోని బత్తిని వంశం ఉబ్బసానికి చేప మందు పంచడానికి ఎంచుకున్నదీ ఈ రోజునే. 1845లో వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఈ మందు తయారీని బోధించి, డబ్బు పుచ్చుకోరాదనీ, రహస్యం బయటపెట్టరాదనీ మాట తీసుకున్నాడన్నది ఆ వంశంలో తరతరాలుగా వస్తున్న కథనం; దీనికి ఆధారం కుటుంబ స్మృతే గనుక చరిత్రకారుడు దీన్ని ఐతిహ్యంగానే స్వీకరించాలి.

పంపిణీ తీరు మాత్రం కళ్లెదుటిదే. రెండు మూడు అంగుళాల కొర్రమీను పిల్లను పట్టుకుని, దాని నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, బతికుండగానే రోగి గొంతులోకి జారవిడుస్తారు. గాలిని నేరుగా పీల్చగల అవయవం ఉండటం వల్ల కొర్రమీను నీరు తక్కువైనా చాలాసేపు బతుకుతుంది. వేలాదిమంది చిన్న పాలిథిన్ సంచుల్లో చేపలు పట్టుకుని గంటల తరబడి బారులు తీరే చోట ఇది చిన్న సౌలభ్యం కాదు. శాకాహారులకు అదే ముద్దను బెల్లంతో ఇస్తారు. ఆ తరువాత నలభై ఐదు రోజుల పథ్యం, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో వేసుకోవలసిన గుళికలు, వరుసగా మూడేళ్లు తీసుకోవాలన్న నియమం ఉన్నాయి.

కదిలే చేప గొంతులోని కఫాన్ని ఊడ్చుకుపోతుందన్నది పంచేవారి వివరణ. మింగినది అన్నవాహికలో దిగుతుందే తప్ప, ఉబ్బసం పట్టిన శ్వాసనాళాల్లోకి పోదు గనుక ఈ వివరణ శరీర నిర్మాణానికి పొసగదు. దుమ్ముకు, చల్లని పదార్థాలకు దూరంగా ఉండి నియమంగా తినే ఆ నెలన్నర వల్ల కొందరికి కొంత ఉపశమనం కలిగితే ఆశ్చర్యపడనక్కరలేదు గానీ, ఆ కీర్తి చేపకే దక్కుతూ వచ్చింది.

జనం పెరిగేకొద్దీ దూద్‌బౌలి ఇరుకై, 1990ల చివర పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. చేపపిల్లలను మత్స్యశాఖ అమ్మడం, పోలీసు బందోబస్తు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు తోడవడంతో ఒక ఇంటి దానం సర్కారు ఏర్పాటుగా రూపుదిద్దుకుంది. జన విజ్ఞాన వేదిక వంటి హేతువాద సంఘాలు ప్రజాధనం ఖర్చునూ, ఒకే చేతితో వందల నోళ్లకు తినిపించడంలోని అపరిశుభ్రతనూ ప్రశ్నించి న్యాయస్థానాలకు వెళ్లగా, క్రమంగా మందు అన్న పేరు తగ్గి ప్రసాదం అన్న పేరు స్థిరపడింది. మందు అంటే అందులో ఏముందో చెప్పమంటారు, ప్రసాదాన్ని ఎవరూ అడగరు.

కోవిడ్ వల్ల మూడేళ్లు ఆగిన పంపిణీ 2023 జూన్‌లో తిరిగి మొదలైంది. దశాబ్దాలపాటు దానికి ముఖంగా నిలిచిన బత్తిని హరినాథ్ గౌడ్ అదే ఏడాది ఆగస్టులో మరణించారు. ముద్దలోని మూలికలు నేటికీ గుట్టుగానే ఉన్నందున దాని గుణాన్ని శాస్త్రీయ పరీక్ష ఏదీ నిర్ధారించలేదు. మృగశిర నాడు నాంపల్లి బారులో నిలబడేవారు డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోవాలి, ఆ నలభై ఐదు రోజుల్లోనూ దాన్ని మానరాదు.