రిబెయిరిన్యో బాలల వర్షారణ్య అవగాహన

రిబెయిరిన్యోలు అనగా బ్రెజిల్ దేశంలో అమెజాన్ నది, దాని ఉపనదుల ఒడ్డున నివసించే ప్రజలు. పోర్చుగీసు భాషలో ఈ పదానికి నదీతీరవాసులు అని అర్థం. వీరిలో అనేకులు స్థానిక ఆదివాసులకు, 19వ శతాబ్దం చివర రబ్బరు పాల సేకరణకై ఈశాన్య బ్రెజిల్ నుండి వలస వచ్చినవారికి కలిగిన సంతతి. చేపల వేట, కర్రపెండలం సాగు, అటవీ ఫలసేకరణ వీరి ముఖ్య జీవనాధారాలు. ఈ కుటుంబాల బడిపిల్లలకు వర్షారణ్యం దూరాన ఉన్న ప్రకృతి దృశ్యం కాదు. అది వారి ఇల్లు, దారి, ఆహార భాండారం.

అధ్యయన పద్ధతులు

మనుషులు తమ పరిసరాలను ఏ విధంగా గ్రహిస్తారో పరిశీలించే శాస్త్రభాగాన్ని పర్యావరణ గ్రాహ్యత అంటారు. దీని క్షేత్ర పరిశీలనకు యునెస్కో 1977లో మార్గదర్శకాలు ప్రచురించింది. పిల్లల విషయంలో బొమ్మలు గీయించడం, ఊరి పటం వేయించడం, సంభాషణ ప్రధాన సాధనాలు.

2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లోని 3 నుండి 11 ఏండ్ల పిల్లల చేత వర్షారణ్యం బొమ్మలు గీయించారు. అడవిలో వాస్తవంగా ఉన్న పాలుతో పోలిస్తే వాటిలో క్షీరదాలు, పక్షులు, సరీసృపాలు ఎక్కువగాను, చీమల వంటి సంఘజీవులైన కీటకాలు, వానపాములు తక్కువగాను కనిపించాయి. అడవిని చూడని పిల్లలకు పుస్తకాలు, చలనచిత్రాలే ఆధారం. నదీతీర బాలలకు ఆధారం నిత్యానుభవం.

నీటితో మారే అడవి

అమెజాన్ మధ్యభాగంలో నదీమట్టం ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. ఒండ్రునీరు ముంచే అడవిని వార్జియా అని, నల్లనీరు ముంచే అడవిని ఇగాపో అని, ముంపునకు గురికాని మెట్టను టెర్రా ఫిర్మే అని స్థానికులు పిలుస్తారు. ఇండ్లు కొయ్య స్తంభాలపైన గాని, తేలే దుంగలపైన గాని ఉంటాయి. వేసవిలో నడిచిన కాలిబాట మీదనే వరదకాలంలో పడవ సాగుతుంది. తంబకీ అనే చేప మునిగిన అడవిలోకి ప్రవేశించి, చెట్ల నుండి రాలిన పండ్లు, గింజలు తింటుంది. అందువలన చెట్టు నరికితే చేప తగ్గుతుందన్న సంగతి ఇక్కడి పిల్లలకు పాఠం కన్నా ముందు భోజనం ద్వారా తెలుస్తుంది.

నమ్మకాలు

వెనుకకు తిరిగిన పాదాలు గల కురుపిరా అడవిని కాపాడుతుందని, అవసరానికి మించి వేటాడేవారిని దారి తప్పిస్తుందని పెద్దలు కథలు చెబుతారు. బోటో అనే నది డాల్ఫిన్ పండుగ రాత్రులలో అందగాడి రూపం ధరిస్తుందని మరొక కథ. ఇటువంటి కథలు పిల్లలలో భయంతో పాటు హద్దులను కూడా నేర్పుతాయి.

పాఠశాల

అనేకమంది పిల్లలు పడవలలో బడికి వెళతారు. 1996 నాటి బ్రెజిల్ జాతీయ విద్యా చట్టం గ్రామీణ పాఠశాలల కాలపట్టికను వ్యవసాయ దశలకు, వాతావరణానికి అనుగుణంగా మార్చుకొనే వీలు కల్పించింది. అయితే పాఠ్యాంశం పట్టణ జీవితం చుట్టూనే తిరిగితే, తమకు తెలిసినది విద్య కాదని బాలలు భావించే ప్రమాదం ఉన్నది. వార్జియా అడవుల రక్షణకై 1996లో సుస్థిరాభివృద్ధి అభయారణ్యంగా ఏర్పడిన మమిరావాలో, 1999 నుండి జాలరులు పిరరుకు చేపలు శ్వాసకై పైకి వచ్చినపుడు లెక్కించి, అనుమతించిన మేరకే పడుతున్నారు. ఇటువంటి పనిని గణితానికి, జీవశాస్త్రానికి పాఠంగా మలచవచ్చును.

ఇటీవలి కరువులు

మనౌస్ వద్ద రియో నీగ్రో నది మట్టం 2021లో 30.02 మీటర్లకు చేరి వరద రికార్డు సృష్టించింది. 2023 అక్టోబరులో 12.70 మీటర్లకు పడిపోయింది. 2024లో ఇంకా దిగజారింది. నీరు లేక పడవలు నిలిచిపోగా, 2024లో బ్రెజిల్ అమెజాన్ ప్రాంతంలో 1,700కు పైగా పాఠశాలలు మూతపడ్డాయని లేదా చేరరానివయ్యాయని యునిసెఫ్ తెలిపింది. 2023లో టెఫే సరస్సులో నీరు వేడెక్కి వందకు పైగా డాల్ఫిన్‌లు మరణించాయి. కథలలో విన్న బోటో ఒడ్డున చచ్చి పడి ఉండడం ఈ తరం పిల్లల అవగాహనలో ఒక భాగమైనది. నీటి రాకపోకలను బట్టి అడవిని చదివే వారి తరతరాల జ్ఞానానికి ఈ క్రమభంగం ఒక పరీక్ష.

ఇవి కూడా చూడండి

అమెజాన్ నది
వర్షారణ్యం
పర్యావరణ విద్య