చిన్న వంటింట్లో నడిమి గట్టు: పీణ్య ఇండ్లకు తగిన కొలతలు, పద్ధతులు

వంటగది నడుమ, ఏ గోడకూ ఆనకుండా, చుట్టూ నడిచేందుకు వీలుగా నిలిపే గట్టును ‘కిచెన్ ఐలాండ్’ అంటారు. ఐలాండ్ అనగా దీవి. పైభాగం కూరగాయలు తరగడానికి, పిండి కలపడానికి, దించిన గిన్నెలు పెట్టడానికి ఉపయోగపడుతుంది. క్రింది అరలలో పాత్రలు, డబ్బాలు సర్దుకోవచ్చు. విశాలమైన వంటిండ్లకు తగిన ఈ ఏర్పాటును చిన్న ఇంట్లో కట్టించదలచినవారు ముందుగా కొన్ని లెక్కలు చూసుకోవాలి.

బెంగళూరు నగరంలో తుమకూరు రోడ్డు వెంట విస్తరించిన పీణ్య పారిశ్రామికవాడ 1970 దశకంలో ఏర్పడింది. దాని చుట్టూ ఉన్న దాసరహళ్లి, లగ్గెరె, హెగ్గనహళ్లి వంటి పేటలలో కార్మిక కుటుంబాల నివాసాలు ఎక్కువ. పనికై వెళ్లిన సరిహద్దు గ్రామాల వారికి ఈ పేర్లు కొత్త కావు. ఈ పేటలలో ఇరుకు స్థలంలో అంతస్తుపై అంతస్తు లేపిన ఇండ్లు అనేకం. అటువంటి ఇండ్లలో నడిమి గట్టు పెట్టాలంటే స్థలం, బరువు, గ్యాసు అనే మూడు విషయాలను విచారించాలి.

స్థలం

2016 నాటి జాతీయ భవన నియమావళి ప్రకారం, భోజనశాల వేరుగా ఉన్న ఇంట్లో వంటగది కనీస విస్తీర్ణం 5 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.8 మీటర్లు, అనగా సుమారు 6 అడుగులు. గోడ వెంట ఉండే గట్టుకు 2 అడుగులు పోగా మిగిలేది 4 అడుగులే. అందులో మరొక గట్టుకు చోటు లేదు.

అమెరికాలోని వంటగది నిపుణుల సంఘం సూచించిన కొలతల ప్రకారం, ఒక్కరు వండే చోట గట్ల నడుమ 42 అంగుళాలు, ఇద్దరు వండే చోట 48 అంగుళాలు ఉండాలి. కేవలం నడిచే దారికి 36 అంగుళాలు చాలు. గోడ గట్టు 24, పనిచేసే చోటు 42, నడిమి గట్టు 24, వెనుక దారి 36 కలిపితే 126 అంగుళాలు, అనగా పదిన్నర అడుగుల వెడల్పు అవుతుంది. నడిమి గట్టు పొడవు 4 అడుగులైతే రెండు కొసలలో 3 అడుగుల చొప్పున దారి వదిలి, గది పొడవు 10 అడుగులు ఉండాలి. 8 అడుగుల వెడల్పు గల వంటగదిలో ఈ లెక్క కుదరదు.

చిన్న వంటగదికి నడిమి గట్టు తప్పనిసరి కాదనడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్య కుటుంబాల ఇండ్ల కొరకు 1926లో మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అనే మహిళా వాస్తుశిల్పి రూపొందించిన వంటగది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. గోడల వెంటనే గట్లు, కిటికీ ప్రక్కన పనిబల్ల అమర్చి, వండేవారి అడుగులు తగ్గించడమే ఆమె పద్ధతి.

బరువు

నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం గల గ్రానైట్ బండ ఒక్కటే సుమారు 40 కిలోలు తూగుతుంది. దాని క్రింద మూడు వైపుల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే మొత్తం బరువు నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం నివాస గదుల స్లాబును, దాని సొంత బరువు గాక, చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కగట్టి కడతారు. కనుక మేడ మీది అంతస్తులో ఇటుక గట్టు కట్టే ముందు ఇంజనీరును సంప్రదించాలి.

గ్యాసు, విద్యుత్తు

పొయ్యిని నడిమి గట్టు మీదికి మార్చడం చిన్న ఇంటికి క్షేమం కాదు. గ్యాసు గొట్టం పొడవు 1.5 మీటర్లకు మించరాదు. నేల మీదుగా గాని, గోడ లోపలి నుండి గాని లాగరాదు. ఐఎస్ఐ ముద్ర గల గొట్టాన్నే వాడి, ఐదేండ్లకొకసారి మార్చాలి. వంటగ్యాసు గాలి కంటె బరువైనది గనుక కారినప్పుడు నేల మట్టాన నిలుస్తుంది. నడిమి గట్టు క్రింది అరలో సిలిండరు మూసిపెట్టడం ఆ కారణంగానే ప్రమాదకరం. గ్యాసు కారినట్లు అనుమానం కలిగితే 1906కు ఫోన్ చేయాలి. మిక్సీ తీగ నడిచే దారికి అడ్డుగా వ్రేలాడకూడదు. పిల్లలున్న ఇంట్లో ఇది మరింత ముఖ్యం.

అనువైన మార్గాలు

గోడ గట్టుకే ఒక కొసను కలిపి గది లోనికి పొడిగించే గట్టు ఒక మార్గం. ఒక వైపు దారి అవసరం లేనందున స్థలం కలిసి వస్తుంది. గోడకు కీళ్లతో బిగించి, పని ముగిశాక దించివేసే మడత బల్ల రెండవది. చక్రాలు గల స్టీలు బల్ల మూడవది. అద్దె ఇంటివారికి ఇదే మేలు. నేల పగులగొట్టే పని లేదు, అడ్వాన్సు సొమ్ములో కోత భయం లేదు. ఇల్లు మారినా, ఊరికి తిరిగి వచ్చినా బల్ల వెంట వస్తుంది.

రేకు పని, వెల్డింగు చేసే చిన్న పరిశ్రమలు పీణ్యలో పుష్కలం. కొలత ఇచ్చి బల్ల చేయించుకునేవారు స్టీలు రకాన్ని బిల్లులో వ్రాయించుకోవాలి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. ఉప్పు, చింతపండు పులుసు తగిలినా త్వరగా మరకపడదు. 202 రకం చౌక, కాని తుప్పుకు అంతగా తట్టుకోదు. రెండూ అయస్కాంతానికి సాధారణంగా అంటుకోవు గనుక ఆ పరీక్షతో తేడా తెలియదు. అంచులు చేతికి కోసుకోకుండా మడిచి ఉండాలి. రాగి సంగటి గెలికేటప్పుడు, రొట్టె తట్టేటప్పుడు బల్ల కదలకుండా చక్రాలకు బ్రేకులు తప్పక ఉండాలి. ఎత్తు విషయంలో, వండేవారి మోచేతి కంటె నాలుగైదు అంగుళాలు తక్కువగా ఉంటే నడుము వంగే శ్రమ తగ్గుతుంది.

ఏ మార్గమైనా, డబ్బు చెల్లించే ముందు గట్టు కొలతను వంటగది నేల మీద ముగ్గుపిండితో గీసి, ఆ గీతల మేర అట్టపెట్టెలు పేర్చి వారం దినాలు వండి చూడాలి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. ఒకరు పొయ్యి వద్ద ఉండగా వేడి గిన్నె పట్టుకున్న మరొకరు తగలకుండా వెళ్లగలగాలి. ఈ రెండూ కుదిరినప్పుడే పని మొదలుపెట్టించాలి.