ఒక్క రోజులో తయారైన ఆల్బమ్

1969లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఊరి కుర్రాళ్ళు నలుగురు లండన్‌లో ఒక స్టూడియోకి వెళ్ళి, ఒక్క రోజులో ఒక ఆల్బమ్ రికార్డు చేసేశారు. కచేరీలో ఎలా వాయిస్తారో అలాగే వాయించి, స్విట్జర్లాండ్‌లో కచేరీ ఉందని వెళ్ళిపోయారు. మొదటి పాట ముందు వినిపించే వాన, ఉరుము, చర్చి గంట తర్వాత కలిపినవి. బృందం పేరు బ్లాక్ సబాత్. ఆల్బమ్ పేరూ అదే, మొదటి పాట పేరూ అదే! హెవీ మెటల్ సంగీతం ఇక్కడే మొదలైందని చాలామంది అంటారు.

ఆ నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే పేట వాళ్ళు. చుట్టూ ఫ్యాక్టరీలే. పాడే ఆజీ ఆస్బోర్న్ కొన్నాళ్ళు కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు సరిచూసే పని కూడా చేశాడు. గిటార్ వాయించే టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీ. అతనికి 17 ఏళ్ళప్పుడు, సంగీతం కోసం పని మానేస్తున్న చివరి రోజున, రాని మనిషి బదులు అతన్ని ప్రెస్ మిషన్ మీద పెట్టారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్ళనన్నాడట. వాళ్ళమ్మ, ఒప్పుకున్న పని పూర్తిచేసి రమ్మని పంపింది. ఆ పూటే మిషన్ కుడిచేతి మీద పడి నడిమివేలు, ఉంగరంవేలు కొసలు పోయాయి. అయోమీది ఎడమచేతి వాటం. అంటే గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

మా హోసూరులో ప్రెస్ షాపు అంటే తెలియని ఇల్లు తక్కువ. మా నాన్న అందులోనే చేస్తారు. ఈ సంగతి చెప్పగానే ఆయన పాట గురించి అడగలేదు. "అందుకేమ్మా, ఇప్పుడు రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగేది" అన్నారు. చెయ్యి లోపల ఉంటే మిషన్ కదలకూడదు కదా.

ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన అయోమీకి జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. నిప్పంటుకుని చెయ్యి కాలాక ఎక్కువగా రెండు వేళ్ళతోనే వాయించిన గొప్ప గిటారిస్టు జాంగో. అది విని అయోమీ సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. మామూలు తీగలు నొప్పి పుట్టిస్తున్నాయని బాంజో తీగలు కట్టుకున్నాడు. మూడో ఆల్బమ్ నాటికి తీగలు ఇంకా వదులు చేశాడు, నాదం ఇంకా బరువెక్కింది. గాయమే లేకపోతే ఈ నాదం ఇలా ఉండేది కాదని నాకనిపిస్తుంది.

మొదటి పాట స్వరాలు మన పద్ధతిలో చెప్పాలంటే షడ్జం, పై షడ్జం, ఆ తర్వాత ప్రతి మధ్యమం. అంతే! యూరప్ సంగీతంలో షడ్జానికీ ప్రతి మధ్యమానికీ ఉన్న ఆ దూరాన్ని సాతాను పేరుతో పిలిచారు. మనకైతే అదే ప్రతి మధ్యమం మంగళకరమైన కల్యాణి రాగంలో ఉంది. సంగీతం టీచరు హార్మోనియం మీద రెండూ వినిపిస్తే అందరం నవ్వుకున్నాం. అయితే ఈ పాటలో నడక చాలా నెమ్మది, పంచమం ఊరట కూడా లేదు. అందుకే భయం పుడుతుంది.

1970 ఫిబ్రవరి 13న ఆల్బమ్ విడుదలైంది. ఆ రోజు శుక్రవారం. పాశ్చాత్యులకు 13వ తేదీ శుక్రవారం అపశకునం! కంపెనీ వాళ్ళు అట్ట లోపల తలకిందుల శిలువ వేశారు, బృందాన్ని అడగనే లేదు. ఆ బొమ్మ చూసి వీళ్ళు సాతాను భక్తులని పేరుపడింది. రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్, ఇది క్రీమ్ బృందానికి నాసిరకం నకలని తీసిపారేశాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ జాబితాలో 8వ స్థానం, అమెరికాలో 23వ స్థానం వచ్చాయి. అమెరికా జాబితాలో ఏడాదికి పైగా నిలిచింది. ఆ విమర్శకుడికి ఫ్యాక్టరీ చప్పుడు మధ్య పెరగడం అంటే ఏమిటో తెలిసి ఉండదు. కొన్న కుర్రాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది.

2025 జూలై 5న ఆ నలుగురూ ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో ఆఖరిసారి కలిసి వాయించారు. నిలబడలేని ఆజీ కుర్చీలో కూర్చుని పాడాడు. వాయించిన నాలుగు పాటల్లో ఎన్.ఐ.బి. ఆ మొదటి ఆల్బమ్‌లోదే. జూలై 22న ఆజీ చనిపోయాడు. అయోమీ ఇప్పటికీ వేళ్ళకు తొడుగులు పెట్టుకునే వాయిస్తాడు.