గట్టు మీద ఎవరున్నారు?

పొద్దున ఎనిమిదిన్నర. కాగజ్‌నగర్ దాటాక అడవిని ఆనుకున్న ఓ ఊళ్లో, అంగన్‌వాడీ గదిలో చాప మీద కూర్చున్నారు మీరు. జనవరి నెల. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా చలి సంగతి హైదరాబాద్ వాళ్లకు పేపర్లో చదివితే తెలుస్తుంది, ఇక్కడ గచ్చులోంచి నేరుగా ఎముకల్లోకి ఎక్కుతుంది. మీ పక్కన మానసిక ఆరోగ్య కౌన్సిలర్. ఎదురుగా ఒక తల్లి, ఆమె కొంగు చుట్టుకుని నాలుగేళ్ల పాప. గడప మీద నాయనమ్మ.

2024 నవంబర్ 29న ఈ జిల్లాలోనే నజ్రుల్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. మర్నాడే సిర్పూర్(టి) మండలంలో ఓ రైతు మీద పడింది. అదే ఏడు ఏప్రిల్‌లో ఏనుగు ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. ఈ ఇంటిది పేపర్‌కెక్కే కథ కాదు. డిసెంబర్ మొదట్లో వీళ్ల చేన్లోంచి పులి ఎద్దును ఈడ్చుకుపోయింది, అంతే. ఆ ‘అంతే’ తల్లి అన్నమాట.

కౌన్సిలర్ చేతిలోని పత్రం ఆరేళ్ల లోపు పిల్లల కోసం తయారైంది. పిల్లకు ఏం జరిగిందో పెంచేవాళ్లను అడుగుతుంది. ప్రమాదం చూసిందా, ఇంట్లో కొట్లాటలు చూసిందా, అమ్మానాన్నలకు దూరమైందా, కుక్క గానీ ఇంకో జంతువు గానీ మీద పడిందా...

“ఏదన్న జంతువు పాప మీదికొచ్చిందా అక్కా?”

“లేదు మేడం.”

“భయపడేటట్టు ఏమన్న చూసిందా?”

“ఏం చూడలె. ఇంట్లనే ఉండె.”

కౌన్సిలర్ పెన్ను ఇంకా కాగితానికి ఆనలేదు.

“ఇంట్లేడుండె?” అంటుంది ముసలామె గడప మీంచి. “నేను దవాఖానకు పోతి. పొల్ల గట్టు మీదనే ఉండె గద!”

తల్లి తల వంచుకుంటుంది. “రాయకుండ్రి మేడం. పొల్లను చేనుకెందుకు తోల్కపోయినవని అందరు నన్నే అంటరు. ఎద్దు పైసలు గిట్ల ఆగుతయా?”

ఈ తల్లిని అబద్ధాలకోరు అనబుద్ధి కాదు. పత్రం అడిగేది పిల్ల సంగతే అయినా, జవాబు తల్లి గుండెలోంచి రావాలి. ఆ గుండె కూడా అదే చేన్లో, అదే క్షణంలో దడుచుకుంది. తానే తల్లడిల్లుతున్న మనిషి బిడ్డ బాధను తక్కువ చేసి చెప్పొచ్చు, తన భయాన్నే బిడ్డలో చూసి ఎక్కువ చేసీ చెప్పొచ్చు. అందుకే ఒక్కరి మాటతో పత్రం మూసేయకూడదు. గడప మీద కూర్చున్న మనిషినీ అడగాలి.

“పాప ఫోన్ల గిట్ల చూసిందా అవ్వా?”

చూసిందట. తండ్రి వాట్సాప్‌లో పులి వీడియో, మళ్లీ మళ్లీ.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5, ఆరేళ్లు, అంతకు లోపు పిల్లలకు పీటీఎస్‌డీ, అంటే భయానక ఘటన తర్వాత పట్టుకునే మానసిక రుగ్మత, లక్షణాలను విడిగా రాసింది. కళ్లారా చూస్తే లెక్కలోకి వస్తుంది. తల్లికో తండ్రికో జరిగిందని విన్నా వస్తుంది. ఫోన్లో, టీవీలో చూసింది మాత్రం రాదు. ఆ గీత గీయడం సబబేననుకుంటాను, లేకుంటే జిల్లాలోని పిల్లలందరి పేర్లూ ఎక్కించాలి. అయినా చేన్లో చూసిన పులి, ఫోన్లో ఆడిన పులి నాలుగేళ్ల బుర్రలో వేర్వేరుగా ఉంటాయా?

“ఇప్పుడు బాగనే ఆడుకుంటది” అంటుంది తల్లి.

“ఆ ఆటే చెప్పాలె మేడం,” అని అంగన్‌వాడీ టీచర్ అందుకుంటుంది. పులి ఎక్కువగా వెనక నుంచే వస్తుందని, చేన్లకు పోయేవాళ్లకు తల వెనక తగిలించుకోను మనిషి ముఖం మాస్కులు ఇచ్చారు. ఈ పిల్ల అట్టముక్కకు కళ్లు గీయించుకుని వెనక కట్టుకుంటుంది. ఇంకో పిల్ల ఎద్దు కావాలి. రోజూ అదే ఆట, ఎద్దును బియ్యం డబ్బా వెనక్కి ఈడ్చుకుపోవాలి. ఎద్దు తప్పించుకుంటే మళ్లీ మొదటి నుంచి. ఏడుపు లేదు, భయం లేదు. ఈ వయసులో జ్ఞాపకం ఇలా ఆటగా బయటికొస్తుంది, ముఖంలో బాధ కనిపించాలని లేదు. కౌన్సిలర్ దీన్ని మార్జిన్‌లో రాసుకుంటుంది. 

“రాత్రి పక్క తడుపుతుంది బిడ్డా, ఎన్నడో మానిందాయె. తాయెత్తు కట్టించిన.”

తాయెత్తు మాట వినగానే పెదవి విరిచేవాళ్లను చూశాను. కౌన్సిలర్ విరవదు. “ఎన్నడు కట్టించినవ్ అవ్వా?”

“ఎద్దు పోయిన మూడోనాడు. బేస్తారం.”

లక్షణాలు నెలకు పైగా ఉన్నాయా అన్నది ఇక్కడ ముఖ్యం. ‘ఎప్పటి నుంచి’ అని తల్లిని రెండుసార్లు అడిగినా తేలనిది తాయెత్తుతో తేలింది. నెల దాటింది. పాపను పిల్లల మానసిక వైద్యులకు చూపించాలని రాసి, 14416 టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు చీటీ మీద రాసిస్తుంది. రుగ్మత ఉందో లేదో ఈ పత్రం తేల్చదు. ఎవరిని ముందు చూడాలో చెబుతుంది.

“నువ్వు నిద్ర పోతున్నవా అక్కా?”

తల్లి జవాబివ్వదు, గోడ గడియారం చూస్తుంది. పది నుంచి నాలుగు లోపలే చేన్లో ఉండాలన్నారు అటవీ శాఖ వాళ్లు. కలిసి చేన్లకు పోయే గుంపు ఆమె కోసం ఆగదు.

“నాలుగు గొట్టినంక వస్త మేడం. గప్పుడు నన్నడుగుండ్రి.”

కౌన్సిలర్ రెండో పత్రం తీసి, పైన తల్లి పేరు రాసి పక్కన పెట్టుకుంటుంది. తర్వాతి పిల్లాణ్ని వాడి మేనత్త తీసుకొస్తోంది. ఇంట్లో వాడితో పొద్దంతా ఉండేదెవరో ముందు అడగాలి.