చెరువుకు చేప నడిచొచ్చిన దారి

వానలు పడి చెరువు నిండితే చేపలు వాటంతటవే పుడతాయని చిన్నప్పుడు అందరం నమ్మినవాళ్లమే. పరకలు, కొర్రమీను విషయంలో అది కొంత నిజం కూడా. కానీ నంద్యాల, ఆళ్లగడ్డ సంతల్లో మనం ఏరికోరి కొనే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే ఏటి వరద కావాలి. అందుకే వాన వచ్చిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు తెచ్చి వదిలితేనే చెరువులో ఆ చేపలుంటాయి.

ఈ సీమకు ఏటి చేపను చేర్చిన మొదటి పెద్ద దారి కర్నూలు-కడప (కె.సి.) కాలువ. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, నీళ్లను నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల మీదుగా కడప వైపు మళ్లించింది. కంపెనీకి లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఆ కాలువలో నడిచిన పడవల వ్యాపారం ఆగిపోయినా, వరదనీటితో పాటు చేపలు రావడం ఆగలేదు.

1907లో ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో మద్రాసులో చేపల కోసం ప్రత్యేక ప్రభుత్వ విభాగం ఏర్పడింది. ఆ తర్వాత ఆ సుంకేసుల దగ్గరే చేపల క్షేత్రం వెలసింది. అప్పట్లో చేప విత్తనం అంటే వరదలో వలవేసి పట్టిన పిల్లలే. అందులో బొచ్చె ఏదో, వాలుగ ఏదో తేల్చుకోవడం కష్టం. కుండల్లో మోసుకొస్తుంటే దారిలోనే ఎన్నో చచ్చిపోయేవి.

ఆ కష్టం తీరే దారి 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో దొరికింది. హీరాలాల్ చౌధురి చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చెరువు చేపతో గుడ్లు పెట్టించారు. ఏటి కోసం ఎదురుచూడాల్సిన పని తప్పింది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈనాడు చేపపిల్లలు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. సంచిని కాసేపు చెరువులోనే తేలనిచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పుతారు. ఎండాకాలానికి ఎండిపోయే చెరువైతే వేలెడు కన్నా చిన్న పిల్లలు చాలు. ఏడాదంతా నీళ్లుండే చెరువులో వాలుగ, కొర్రమీను కాచుకుని ఉంటాయి కాబట్టి ఇంకాస్త పెద్దవి కావాలి. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున మేస్తాయి. ఒకదాని మేత మీదికి ఒకటి పెద్దగా పోదు.

మరి ఈ చేప ఎవరిది? తటాకం తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించిన నేల మనది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం, మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని చెబుతుంది. చేపల గుత్త సొమ్మును చెరువు పూడిక తీయడానికే కేటాయించిన శాసనాలు తమిళనాట ఉన్నాయి. చెరువు ఇచ్చింది చెరువుకే తిరిగి వెళ్లాలన్న ఆ లెక్క నాకు ఎంతో నచ్చుతుంది.

మన పట్టణ చెరువులకూ ఆ లెక్కే కావాలి. వలవేట హక్కు బెస్తల సహకార సంఘాలకే ఉండాలి, అది వాళ్ల బతుకు. కట్ట మీద కూర్చుని గాలం వేసే హక్కు మాత్రం ఊళ్లో అందరికీ వదలాలి. ముందుగా మురుగు చెరువులోకి రాకుండా ఆపాలి, ఎందుకంటే ఊపిరాడని నీళ్లలో వదిలిన చేప వారం కూడా బతకదు. వచ్చే వానాకాలం చేపపిల్లలను వదిలే రోజున బడిపిల్లలను కట్ట మీదికి తీసుకెళ్దాం. సంచి మూతి విప్పే పని వాళ్ల చేతికే ఇద్దాం. తాము వదిలిన చేప ఉన్న చెరువులో ఆ పిల్లలు చెత్త పోయనివ్వరు.